సెల్ఫ్ హెల్ప్ పుస్తకాలా, రాజకీయ పుస్తకాలా? ఈ మధ్య చదివినవాటి మీద నా సమాధానం

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. ఉద్యోగంలో చేరి కొన్నేళ్ళయింది. చేతికి దొరికిన సెల్ఫ్ హెల్ప్ పుస్తకమల్లా చదువుతున్నారు. చదివిన వారం ఉత్సాహంగా ఉంటుంది, తర్వాత మళ్ళీ మామూలే. అవన్నీ వ్యాపారమనీ, చదివితే చరిత్రా రాజకీయాలూ చదవమనీ స్నేహితుడు అంటున్నాడు. అవి తెరిస్తే కోపం, టెన్షన్ పెరుగుతున్నాయి తప్ప రేపు పొద్దున లేచి ఏం చెయ్యాలో తెలియడం లేదు. రెండిటిలో ఏది చదవాలి, మీరు ఈ మధ్య ఏం చదివారు, అవి తెలుగులో దొరుకుతాయా అని అడిగారు.

నేను డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నంతకాలం పిల్లల బ్యాగుల్లో పాఠ్యపుస్తకాల కంటే విజయ రహస్యాల పుస్తకాలే ఎక్కువ కనబడేవి. ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి ఒక రాజకీయ పుస్తకం, వెంటనే ఒక సెల్ఫ్ హెల్ప్ పుస్తకం చొప్పున జంటలుగా చదువుతున్నాను. అలా చదివాక నాకొక అభిప్రాయం ఏర్పడింది. ఈ రెండు రకాల పుస్తకాలనూ తారుమారు చేసి చదవాలి. సెల్ఫ్ హెల్ప్ పుస్తకం పట్టుకున్నప్పుడు, ఇది ఏ దేశంలో, ఎలాంటి రోజుల్లో, ఎవరి కోసం రాశారు అని అడగండి. రాజకీయ పుస్తకం పట్టుకున్నప్పుడు, ఈ మనిషి రోజూ ఎలా పనిచేశాడు, డబ్బుతో ఏం చేశాడు, దెబ్బ తగిలినప్పుడు ఏం చేశాడు అని అడగండి. అప్పుడు మొదటిదాంట్లో రాజకీయం కనబడుతుంది, రెండోదాంట్లో మీకు పనికొచ్చేది కనబడుతుంది.

ఈ రెండిటికీ మొదట్లో ఇంత దూరం లేదు కూడా. 'సెల్ఫ్ హెల్ప్' అన్న పేరుతోనే 1859లో పుస్తకం వేసిన శామ్యూల్ స్మైల్స్ ఇంగ్లండులోని లీడ్స్ పట్నంలో పత్రికా సంపాదకుడిగా పనిచేశాడు. పార్లమెంటు సంస్కరణల కోసం తిరిగినవాడు. కార్మిక యువకులు కొందరు పని ముగించుకుని సాయంత్రాలు ఒకచోట చేరి, ఒకరికొకరు చదువు చెప్పుకునేవారు. 1845లో వాళ్ళు పిలిస్తే వెళ్ళి ఇచ్చిన ఉపన్యాసమే ఆ పుస్తకానికి మూలం. అంటే ఆ పేరుకు వెనక ఉన్నది పదిమంది కలిసి నడుపుకున్న రాత్రి బడి. ఇవాళ మనం అదే పేరుతో ఒంటరిగా గదిలో కూర్చుని చదువుకుంటున్నాం.

నేను చదివిన జంటల్లో నన్ను ఎక్కువ రోజులు వదలనిది 1936 నాటి జంట. ఆ ఏడాది మే నెలలో అంబేద్కర్ 'కుల నిర్మూలన' అచ్చయింది. అక్టోబరులో న్యూయార్క్‌లో డేల్ కార్నెగీ 'హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్' వచ్చింది. రెండోది మీరు చదివే ఉంటారు.

కార్నెగీ మిస్సోరీలో ఒక బీద రైతు కొడుకు. కొన్నాళ్ళు సేల్స్‌మన్. 1912 నుంచి న్యూయార్క్‌లో వైఎంసీఏ హాల్లో సాయంత్రం పూట నలుగురిలో మాట్లాడటం నేర్పేవాడు. పుస్తకం వచ్చేనాటికి అమెరికా మహా మాంద్యం నుంచి ఇంకా తేరుకోలేదు. ఉద్యోగం ఉన్నవాడికి అది ఉంటుందో ఊడుతుందోనన్న భయం. ఆ వెలుగులో చూస్తే పుస్తకంలోని సలహాలన్నీ వేరే రకంగా వినిపిస్తాయి. ఎవరినీ విమర్శించకు. వాదన గెలవాలంటే వాదనలోకే దిగకు. నువ్వు చెప్పింది తప్పు అని ఎదుటివాడి మొహాన అనకు. అతని పేరు గుర్తుపెట్టుకో. ఇవి ఎవరికి అవసరం? ఎదుటివాడు మొహం చిట్లిస్తే తన తిండికే ఎసరొచ్చే మనిషికి. అందులో ఉదాహరణల్లో ఎక్కువమంది సరుకు అమ్మేవాళ్ళు, మేనేజర్లు, కంపెనీ యజమానులు. అది ఆ మనుషులకు నిజంగా పనికొచ్చే పుస్తకం. దాన్ని వెక్కిరించేవాళ్ళతో నేను ఏకీభవించను.

అదే ఏడాది ఇక్కడేం జరిగిందో చూడండి. కుల భేదాలు పోవాలని పనిచేసే లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ తమ వార్షిక సభకు అధ్యక్షత వహించమని అంబేద్కర్‌ను పిలిచింది. ఉపన్యాసం ముందే రాసి పంపితే చదివి బెదిరిపోయింది. వేదాల గురించీ, హిందూ మతాన్ని వదలడం గురించీ ఉన్న మాటలు తీసెయ్యమని కోరింది. ఒక్క కామా కూడా మార్చనని ఆయన జవాబు రాశాడు. సభ రద్దయింది. చదవని ఆ ఉపన్యాసాన్ని ఆయన సొంత ఖర్చుతో 1,500 ప్రతులు వేశాడు. రెండు నెలల్లో అయిపోయాయి.

ఎదుటివాడిని నొప్పించకు అని ఒకరు, కామా కూడా మార్చను అని మరొకరు. ఇందులో ఎవరు రైటు అని నా దగ్గర చదివిన కుర్రాడొకడు ఫోన్‌లో అడిగాడు. నేనైతే ప్రశ్నే మార్చమన్నాను. కార్నెగీ సలహాలన్నీ ఒక విషయాన్ని ముందే ఉందనుకుని మొదలవుతాయి: నువ్వు నవ్వుతూ పలకరిస్తే ఎదుటివాడు నిన్ను మనిషిగా చూస్తాడు. అంబేద్కర్ తన పుస్తకం మొదటి పేజీల్లోనే అది లేనిచోట ఏం జరుగుతుందో పేర్లతో సహా రాశాడు. గుజరాత్‌లోని కవితా అనే ఊళ్ళో అంటరానివారు తమ పిల్లలను బడికి పంపబోతే కక్షగట్టారు. జయపూర్ సంస్థానంలోని చక్వారాలో తీర్థయాత్ర చేసి వచ్చిన ఒకాయన తన కులం వాళ్ళకు నెయ్యి వేసి భోజనం పెడుతుంటే, మీరు నెయ్యి తినడమేమిటని కర్రలతో వచ్చి విస్తళ్ళు పాడుచేశారు. నెయ్యి వడ్డించుకున్నందుకు కర్రలు ఎత్తినవాడి దగ్గర చిరునవ్వు ఏం పనిచేస్తుంది? పేరు గుర్తుపెట్టుకోవడం సంగతీ అంతే. మా చిన్నప్పుడు ఊళ్ళో మోతుబరులకు ప్రతి పాలేరు పేరూ గుర్తే. అరవై ఏళ్ళ వెంకయ్యను పదేళ్ళ పిల్లవాడు కూడా ఎంకా అనే పిలిచేవాడు.

ఇక్కడితో ఆగితే మీ స్నేహితుడు గెలిచినట్టే అవుతుంది. అయితే 'కుల నిర్మూలన'ను నేను రెండోసారి పూర్తిగా ఇంకో ఉద్దేశంతో చదివాను, ఒక మనిషి ఎలా వాదిస్తాడో చూద్దామని. మొదలే ఎంత మర్యాదగా ఉంటుందో గమనించండి. నన్ను పిలిచినందుకు మీ మండల్ వాళ్ళను చూస్తే జాలేస్తోంది, బొంబాయి మనిషిని లాహోర్‌కు ఎందుకు తెచ్చారని మిమ్మల్ని నిలదీస్తారు అంటూ మొదలుపెడతాడు. తర్వాత కులం శ్రమ విభజన కదా అనేవాళ్ళ వాదనను ముందు వాళ్ళ మాటల్లోనే పెడతాడు, ఆ తర్వాతే అది శ్రామికుల విభజన అని చూపిస్తాడు. గాంధీ ఆ జులైలో 'హరిజన్' పత్రికలో దానిమీద విమర్శ రాశాడు. ఎనిమిదణాల ధర ఎక్కువ, రెండణాలకో నాలుగణాలకో తగ్గించాలని కూడా అందులో ఒక మాట. 1937లో రెండో ముద్రణ వేసినప్పుడు అంబేద్కర్ గాంధీ విమర్శను తన పుస్తకంలోనే అచ్చువేసి, కింద తన జవాబు ఇచ్చాడు.

ఈ ఒక్క అలవాటు చాలు. మీ ఆఫీసులో ఎవరితోనైనా తేడా వస్తే, మీ మెయిల్‌లో ముందు అవతలివాళ్ళ అభ్యంతరాన్ని వాళ్ళు ఒప్పుకునేలా రాసి, తర్వాత మీ జవాబు రాసి చూడండి. సగం గొడవ అక్కడే తేలిపోతుంది. నెగోషియేషన్ పేరుతో అమ్మే పుస్తకాల్లో నాకు ఇంతకంటే మంచి పాఠం కనబడలేదు.

ఇక ఇప్పుడు ప్రతి రైల్వే స్టేషన్ షాపులోనూ, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదా గుట్టలుగా కనబడే 'ఎటామిక్ హ్యాబిట్స్' సంగతి. 2018లో వచ్చింది, రచయిత జేమ్స్ క్లియర్. మంచి పుస్తకమే. పెద్ద లక్ష్యాలు పెట్టుకోవడం మానేసి, రోజూ చేసే చిన్న పని మీద దృష్టి పెట్టమంటాడు. కొత్త అలవాటును మొదట్లో రెండు నిమిషాల పనిగా కుదించమంటాడు. చెయ్యాల్సిన పని కళ్ళెదుట కనబడేలా, మానాల్సింది చేతికి అందకుండా గదిని సర్దుకోమంటాడు. ఈ చివరిది నేను పాటిస్తున్నాను. ఫోన్ హాల్లో చార్జింగ్‌కు పెట్టి, పడకగదిలో పుస్తకం ఉంచుతున్నాను. పని చేస్తోంది.

నాకు పేచీ దాని లెక్కతోనూ, దాని మొదటి కథతోనూ. రోజుకు ఒక్క శాతం మెరుగైతే ఏడాదికి 37 రెట్లు మెరుగవుతారట. లెక్క సరైందే, 1.01ని 365 సార్లు గుణిస్తే 37.78 వస్తుంది. కాకపోతే అది చక్రవడ్డీ లెక్క. అప్పు అలా పెరుగుతుంది. ఈత గానీ, వీణ గానీ, ఇంగ్లిష్ మాట్లాడటం గానీ అలా పెరగదు. కొన్నాళ్ళు కదలదు, ఒక్కసారి కదులుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఆ 37 రెట్ల బొమ్మను మనసులో పెట్టుకున్నవాళ్ళే మూడో నెలలో నిరాశపడి మానేస్తారు. మీకు వారం తర్వాత ఉత్సాహం చల్లారడానికి ఇదీ ఒక కారణం అయ్యుండొచ్చు.

మొదటి కథ బ్రిటిష్ సైక్లింగ్ జట్టుది. 2003లో డేవ్ బ్రెయిల్స్‌ఫర్డ్ పగ్గాలు చేపట్టి, సీటు దగ్గర్నుంచి పడుకునే దిండు దాకా ప్రతిదాన్నీ ఒక్కో శాతం మెరుగుపరిచాడని, అయిదేళ్ళలో బీజింగ్ ఒలింపిక్స్‌లో జట్టు దుమ్ము రేపిందని చెబుతాడు. 2008లో ట్రాక్ మీద ఉన్న 10 స్వర్ణాల్లో 7 బ్రిటన్‌వే, అది నిజం. కథలో రానిది ఇంకొకటుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బ్రిటన్ మొత్తానికి ఒకే ఒక్క స్వర్ణం వచ్చింది. దేశమంతా తలవంపుగా భావించాక, 1997 నుంచి నేషనల్ లాటరీ డబ్బును నేరుగా క్రీడాకారుల జీతభత్యాలకూ శిక్షణకూ మళ్ళించారు. అదే ఏడాది సైక్లింగ్‌కు పూర్తిస్థాయి శిక్షణ కార్యక్రమం పీటర్ కీన్ చేతుల మీదుగా మొదలైంది. మాంచెస్టర్‌లో వెలొడ్రోమ్, అంటే సైకిల్ పందేల ట్రాక్ ఉన్న స్టేడియం, 1994 నుంచే ఉంది. 2000లో సిడ్నీలో జేసన్ క్వీలీ ట్రాక్ మీద స్వర్ణం తెచ్చాడు, బ్రెయిల్స్‌ఫర్డ్ రాకముందే. దిండ్లు మార్చడం వల్ల ఫలితం లేదని నేననను. దిండు గురించి ఆలోచించే తీరిక ఆ జట్టుకు ఎవరు ఇచ్చారన్నది రాజకీయ ప్రశ్న. ఆ బ్రెయిల్స్‌ఫర్డ్ నడిపిన టీమ్ స్కై అనే ప్రొఫెషనల్ సైక్లింగ్ జట్టు నైతికంగా గీత దాటిందని 2018 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటరీ కమిటీ ఒకటి తన నివేదికలో రాసింది, అదీ ఆ కథ పక్కన పెట్టుకుని చదవాల్సిందే.

మనకూ ఇలాంటిది ఉంది. గోపీచంద్ అకాడమీ గురించి మాట్లాడేటప్పుడు ఆయన తెల్లవారుజామున నాలుగింటికి లేవడం గురించే చెబుతారు. గచ్చిబౌలిలో ప్రభుత్వం లీజుకిచ్చిన స్థలం గురించి చెప్పరు. పట్టుదల కథలో స్థలం ఎందుకని కాబోలు.

రాజకీయ పుస్తకాల్లో ఈ ఏడాది మళ్ళీ తీసింది వినయ్ సీతాపతి రాసిన పి.వి. నరసింహారావు జీవితచరిత్ర 'హాఫ్ లయన్'. 2016లో వచ్చింది. పి.వి. సొంత కాగితాలు చూసే అవకాశం దొరికిన రచయిత కాబట్టి పుస్తకం నిండా మనిషి కనబడతాడు. నా దృష్టిలో ఇది తెలుగు ఉద్యోగులు చదవాల్సిన సెల్ఫ్ హెల్ప్ పుస్తకం. నవ్వకండి, చెబుతాను.

ఎనభైల్లో రాజీవ్ గాంధీ కంప్యూటర్ల దిగుమతి గురించి మాట్లాడుతూ, పార్టీలో ముసలివాళ్ళకు ఇవి అర్థం కావన్నట్టు ఒక స్నేహితుడితో అనడం పి.వి. చెవిన పడింది. ఆయన ఏమీ అనలేదు. హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కు ఫోన్ చేసి కంప్యూటర్ తెప్పించుకున్నాడు. అరవై దాటిన వయసులో పొద్దున్నే కూర్చుని మాన్యువల్ ముందేసుకుని వాడటమే గాక ప్రోగ్రాములు రాయడం దాకా నేర్చుకున్నాడు. కొన్నేళ్ళకు, 1991లో, టికెట్టు లేదు, ఎన్నికల్లో పోటీ లేదు. పుస్తకాలు పెట్టెల్లో సర్దేసి ఢిల్లీ ఖాళీ చేసే ఏర్పాట్లలో ఉన్నాడు. కుర్తాళం పీఠానికి అధిపతిగా వెళ్ళే ఆలోచన కూడా నడిచింది. మే 21న రాజీవ్ హత్య జరిగింది. జూన్ 21న ఈయన ప్రధాని. జులై మొదటి వారంలోనే రూపాయి విలువ రెండుసార్లు తగ్గించారు. 47 టన్నుల దాకా బంగారం తాకట్టు కింద బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు వెళ్ళింది. జులై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్టుకు కొన్ని గంటల ముందు, పరిశ్రమల శాఖ తన దగ్గరే పెట్టుకున్న పి.వి. 18 రకాల పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సు విధానం తీసేశాడు. అంత పెద్ద మార్పునూ ఇది నెహ్రూ దారే అన్నట్టు చెప్పి చేశాడు.

ఈ మనిషిని సెల్ఫ్ హెల్ప్ రచయిత ఎవరైనా రాస్తే కంప్యూటర్ ముక్క పెట్టి, మిగతాది వదిలేస్తాడు. సీతాపతి వదల్లేదు. 1984లో ఢిల్లీలో సిక్కులను చంపుతుంటే హోం మంత్రిగా ఉండి ఏమీ చేయకపోవడం, 1992 డిసెంబరులో బాబ్రీ విషయంలో జరిగింది, రెండూ నిర్దాక్షిణ్యంగా రాశాడు. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఆగి చూడటం అనే ఒకే గుణం ఒకచోట ఆయన మైనారిటీ ప్రభుత్వాన్ని అయిదేళ్ళు నిలబెట్టింది, ఇంకోచోట మనుషుల ప్రాణాలు తీసింది. ఓర్పు మంచిది అని ఊరికే చెప్పే పుస్తకం దీన్ని ఎలా చెబుతుంది?

ఈ 1991 గురించి జైరాం రమేశ్ 2015లోనూ, సంజయ బారు 2016లోనూ పుస్తకాలు రాశారు. ఆ కొద్ది నెలల ఘటనలకే ఎవరికెంత ఘనత ఇవ్వాలన్నదానిలో మూడు పుస్తకాలకూ తేడా. జైరాం అప్పుడు ప్రధాని కార్యాలయంలో కొన్నాళ్ళు పనిచేసినవాడు. బారు తర్వాత మన్మోహన్‌కు మీడియా సలహాదారు. రాజకీయ పుస్తకం చదివేటప్పుడు రచయిత ఆ రోజు ఏ కుర్చీలో కూర్చున్నాడో ముందు చూసుకోవాలి. వీలైతే రెండు చదవాలి.

ఇంకో సంగతి. మన తెలుగు విజయ పుస్తకాలకు ఊపు వచ్చింది ఆ 1991 తర్వాతి దశాబ్దంలోనే. థ్రిల్లర్లు రాసే యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు' రాయడం, అది ఇంటింటికీ చేరడం ఊరికే జరగలేదు. సర్కారు ఉద్యోగమే గమ్యం అనుకున్న తరం పక్కన, ఎంసెట్ కోచింగులు, ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు, క్యాంపస్ ఇంటర్వ్యూలు వచ్చాయి. ఇంటర్వ్యూలో భయపడకుండా మాట్లాడటం ఇంట్లో ఎవరికీ తెలియని విద్య. వ్యవసాయం చేసే నాన్నకు తెలియనిది పుస్తకం చెప్పింది. అందుకే ఆ పుస్తకాలను నేను చిన్నచూపు చూడను. అయితే ఆ ఇంటర్వ్యూలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ పుస్తకాల్లో దొరకదు, అది కావాలంటే మళ్ళీ 'హాఫ్ లయన్' తెరవాలి.

డబ్బు గురించిన పుస్తకాల మీద మీరు ప్రత్యేకంగా అడిగారు. వాటిలో మోర్గాన్ హౌసెల్ 'ద సైకాలజీ ఆఫ్ మనీ' ఒక్కటే నాకు నచ్చింది, ఎంత చాలు అన్నది తేల్చుకోమంటాడు కాబట్టి. దాని పక్కన టంగుటూరి ప్రకాశం 'నా జీవిత యాత్ర' పెట్టి చదివాను. ఏ డబ్బు పుస్తకం కొలతతో చూసినా ప్రకాశం ఘోరంగా ఫెయిలైన మనిషి. మద్రాసులో బారిస్టరుగా లక్షలు గడించి, 'స్వరాజ్య' పత్రికలో పోసి, ముఖ్యమంత్రి పదవులు చేసి, 1957లో చేతిలో ఏమీ లేకుండా పోయాడు. నేను దీన్ని ఆదర్శమని మీకు చెప్పను. మీకు ఈఎంఐలున్నాయి.

నేను చూసింది వేరే. ప్రకాశం తాను ఎలా పైకొచ్చాడో చెప్పేటప్పుడు ఎవరి చెయ్యి ఉందో దాచడు. తండ్రి పోయాక ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పెంచిన తల్లి. పరీక్ష ఫీజు మూడు రూపాయలకు తాకట్టుకు వెళ్ళిన ఆమె పట్టుచీర. తనతో పాటు రాజమండ్రి తీసుకెళ్ళి చదివించిన మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. నాటకాల పిచ్చి, కుర్రతనపు రౌడీయిజం, అన్నీ రాసుకున్నాడు. నా స్వశక్తితో పైకొచ్చాను అనే మాట వినబడిన ప్రతిచోటా నేనిప్పుడు ఆ పట్టుచీర ఎక్కడుందా అని వెతుకుతున్నాను. మీరు చదివే సక్సెస్ కథల్లో వెతికి చూడండి, చాలావాటిలో పేజీ మధ్యలో ఒక్క వాక్యంలో తగులుతుంది.

మరి మీరేం చెయ్యాలి. ఇప్పుడు సగంలో ఉన్న సెల్ఫ్ హెల్ప్ పుస్తకాన్ని ముగించండి, మధ్యలో ఆపకండి. అందులో ఒకే ఒక్క పని తీసుకుని నెల రోజులు చెయ్యండి. ఆ నెలలో ఇంకో సెల్ఫ్ హెల్ప్ పుస్తకం కొనకండి. కొత్తది కొన్న ఉత్సాహంలోనే పాతది చేశామన్న తృప్తి వచ్చేస్తుంది, మీ అసలు ఇబ్బంది నాకు అక్కడే కనబడుతోంది. ఆ నెల రాత్రిళ్ళు 'కుల నిర్మూలన' చదవండి, పెద్ద పుస్తకం కాదు. కోపం వస్తుంది, రానివ్వండి. కోపం వచ్చినచోట పెన్సిల్‌తో గీత పెట్టి, ఇలాంటిది మీ ఆఫీసులోనో అపార్ట్‌మెంటులోనో చూశారా అని మార్జిన్‌లో రాయండి. లిఫ్టు ఎవరు వాడొచ్చు, పనిమనిషికి మంచినీళ్ళు ఏ గ్లాసులో ఇస్తారు లాంటివి. చెయ్యడానికేమీ కనబడటం లేదన్నారు కదా, ఆ మార్జిన్ చూసుకుంటే కొన్ని కనబడతాయి. అవి అసోసియేషన్ మీటింగులో లేవనెత్తేటప్పుడు మాత్రం కార్నెగీని తీసుకెళ్ళండి.

తెలుగులో దొరుకుతాయా అన్నదానికి: 'కుల నిర్మూలన' తెలుగులో తేలిగ్గా దొరుకుతుంది. పి.వి. తన జీవితాన్నే నవలగా మలిచి 1998లో ఇంగ్లిష్‌లో వేసిన 'ది ఇన్‌సైడర్'కు 'లోపలి మనిషి' అని తెలుగు అనువాదం ఉంది, 'హాఫ్ లయన్' కంటే ముందు అది చదివినా నష్టం లేదు. 'నా జీవిత యాత్ర' ప్రకాశం తెలుగులోనే రాశాడు. మొదటి మూడు భాగాలు ఆయనవి, నాలుగోది తెన్నేటి విశ్వనాథం పూర్తిచేశారు. ముఖ్యమంత్రి పదవి నాటి సంగతులు ఆ నాలుగో భాగంలోనే ఉన్నాయి కాబట్టి, పాత పుస్తకాల షాపులో కొనేటట్టయితే అది కూడా కలిసి ఉందో లేదో చూసి తీసుకోండి.